కప్పు అడుగున ఉన్న పేరును ఎంతవరకు నమ్మాలి? చెక్ పింగాణీ టీ, కాఫీ సెట్ల లెక్క

కప్పు తిరగేస్తే అడుగున ఒక కిరీటం బొమ్మ, దాని కింద "విక్టోరియా, కార్ల్స్‌బాద్, ఆస్ట్రియా" అని ఉంటుంది. అమ్మే మనిషి మాత్రం ఇది చెక్ పింగాణీ అంటాడు. పక్కన అచ్చం అలాంటి కప్పు మీదే "మేడ్ ఇన్ చెకోస్లొవేకియా" అని ఉంటుంది, ఇంకోదాని మీద "జర్మనీ" అని ఉంటుంది. ముగ్గురు అమ్మకందారుల్లో ఎవరూ అబద్ధం ఆడకపోవచ్చు. మూడు కప్పులూ ఒకే ఊళ్లో, ఒకే ఫ్యాక్టరీలో తయారై ఉండొచ్చు. ఊరు కదల్లేదు, దాని మీద జెండా మారుతూ వచ్చింది, అంతే.

ఈ సెట్లు సేకరించాలనుకునేవాళ్లు సాధారణంగా అడుగున ఉన్న ముద్రతో మొదలుపెట్టి దానితోనే ఆగిపోతారు. అసలు అది ఆఖరున చూడాల్సినది. ముందు చూడాల్సింది పింగాణీని, దాని మీద పనిని, సెట్టు పూర్తిగా ఉందా లేదా అన్నదాన్ని. ముద్ర ఈ మూడింటితో పొసగాలి. పొసగకపోతే ముద్రనే అనుమానించాలి.

ఆ మూలనే ఎందుకు

చెక్ పింగాణీ అంటే చాలా వరకు పశ్చిమ బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశపు పడమటి కొసన, కార్లోవీ వారీ చుట్టుపక్కల ఊళ్ల సరుకే. జర్మన్‌లో ఆ ఊరి పేరు కార్ల్స్‌బాద్. అక్కడికి దగ్గర్లో సెడ్లెట్స్ అనే చోట దొరికే కెయోలిన్ మట్టి ఎంత శుద్ధమైనదంటే, జర్మన్ పేరు మీద "జెట్లిట్జ్ కెయోలిన్"గా ప్రపంచమంతా దాన్నే కొలబద్దగా పెట్టుకుంది. మొదట్లో కొలిమికి కట్టెలు అడవుల్లోంచి వచ్చేవి, తర్వాత పక్కనే ఉన్న గనుల్లోంచి గోధుమరంగు బొగ్గు వచ్చింది. మట్టీ ఇంధనమూ రెండూ చేతికందే దూరంలో ఉన్న చోటు యూరప్‌లో అరుదు.

1789లో హాయె అనే ఊళ్లో మొదలైన మొదటి ప్రయత్నం నిలబడలేదు. నిలబడినవాటిలో పాతది హోర్నీ స్లావ్‌కోవ్, 1792. జర్మన్ ముద్రల్లో ఇది ష్లాగెన్‌వాల్డ్. రెండేళ్లకు, 1794లో, తున్ జమీందారీ వంశం ఎస్టేటులో క్లాష్టెరెట్స్ ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత 1803లో బ్ర్జెజోవా (పిర్కెన్‌హామర్), 1811లో ఖోడోవ్, 1815లో లోకెట్. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: ముద్రలో 1792 అనో 1794 అనో కనిపిస్తే అది ఫ్యాక్టరీ పుట్టిన ఏడు, కప్పు పుట్టిన ఏడు కాదు. "1794 నాటి సెట్టు" అని ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనల్లో చాలావాటి కథ ఇదే. నిన్న కొలిమిలోంచి దిగిన తున్ కప్పు మీదా ఆ అంకె ఉంటుంది.

ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

దేశం పేరు కాలాన్ని మోటుగా పంచుతుంది. 1918 దాకా ఇది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, అందుకే "ఆస్ట్రియా". అమెరికాలోకి దిగుమతయ్యే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని 1890లో మెకిన్లీ సుంకాల చట్టం పట్టుబట్టింది. అది అమలులోకి వచ్చిన 1891 నుంచి దేశం పేరు రాయడం మామూలైంది. కాబట్టి "ఆస్ట్రియా" అని ఉన్న బొహీమియా కప్పు చాలావరకు 1891–1918 మధ్యది. దేశం పేరే లేకపోతే 1891కి ముందుదని తేల్చేయకూడదు. స్వదేశంలో అమ్మిన సరుకు మీద ఆ తర్వాత కూడా పేరు వేయని సందర్భాలున్నాయి.

1918 అక్టోబరులో చెకోస్లొవేకియా పుట్టింది. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో కార్ల్స్‌బాద్ ప్రాంతం జర్మనీ చేతికి పోయింది. 1945 దాకా ఆ ఊళ్ల సరుకు మీద "జర్మనీ" కనిపించేది అందుకే. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీలను జాతీయం చేశారు, జర్మన్ మాట్లాడే జనాన్ని పంపేశారు, వాళ్లతో పాటే చేయితిరిగిన పనివాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. 1992 ఆఖరు దాకా మళ్లీ "చెకోస్లొవేకియా". 1993 జనవరి 1 నుంచి "చెక్ రిపబ్లిక్".

చిక్కంతా "చెకోస్లొవేకియా" దగ్గరే. మధ్యలో యుద్ధ కాలం తీసేసినా ఇది ఆరు దశాబ్దాలు దాటిన కాలం. 1925 నాటి కప్పుకీ 1985 నాటి కప్పుకీ దేశం పేరు ఒకటే. దీన్ని సంస్థ పేరుతో కొంత కుదించవచ్చు. మోరిట్జ్ జ్దెకావర్ పేరు మీద వచ్చిన "ఎం.జెడ్. ఆస్ట్రియా" గద్ద ముద్ర కార్లోవీ వారీ పక్కనున్న స్టారా రోలె ఫ్యాక్టరీది, 1884–1909 మధ్యది. 1909లో ఆ ఫ్యాక్టరీని హుట్షెన్‌రాయిటర్ అనే జర్మన్ పింగాణీ కంపెనీ కొనేసింది. "ఎపియాగ్" అంటే మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లోకెట్, డాలోవిత్సె, పిర్కెన్‌హామర్ లాంటి ఫ్యాక్టరీలు ఒక గొడుగు కిందికి వచ్చిన కంపెనీ. కాకపోతే జాతీయం చేశాక కూడా విదేశీ కొనుగోలుదారులకు అలవాటైన పాత పేర్లను ప్రభుత్వ ఫ్యాక్టరీలు కొన్నాళ్లు వదల్లేదు. అందుకే ఎపియాగ్ అని ఉన్నంత మాత్రాన యుద్ధానికి ముందుదని ధర పెంచితే ఒప్పుకోవద్దు. 1958లో చాలా ఫ్యాక్టరీలు కలిసి "కార్లోవార్‌స్కీ పోర్సెలాన్" అనే ప్రభుత్వ సంస్థ అయ్యాయి. ముద్ర పక్కన డిష్‌వాషర్ బొమ్మ ఉంటే ఇంక పాతదన్న వాదనే అక్కర్లేదు.

ముద్ర ఒక్కటే కాదు, ముద్రలు రెండు ఉండటం ఇంకా ఆసక్తికరం. తెల్ల సరుకును కాల్చి అమ్మే ఫ్యాక్టరీ వేరు, దాన్ని కొని మీద రంగులు, బంగారం వేసే వర్క్‌షాప్ వేరు అయిన రోజులవి. ఫ్యాక్టరీ ముద్ర గ్లేజు (పింగాణీ మీది గాజులాంటి నున్నటి పూత) కింద ఉంటుంది. గోటితో గీస్తే ఏమీ తగలదు, అంచులు కాస్త మసకగా పాకినట్టు ఉంటాయి. అలంకరించినవాళ్ల ముద్ర గ్లేజు మీద, ఎరుపులోనో బంగారంలోనో ఉంటుంది. ఏటవాలు వెలుగులో పెడితే దాని మందం కనిపిస్తుంది. గ్లేజు మీది ముద్ర ఎప్పుడైనా ఎవరైనా వేయొచ్చు, గ్లేజు కింది ముద్ర తర్వాత వేయడం కుదరదు. రెండూ తగువు పడితే కింది ముద్రనే నమ్మాలి.

ఎక్కువ మంది మోసపోయే ముద్ర "తేనెపట్టు". వియన్నా రాజ ఫ్యాక్టరీ తన సరుకుకు డాలు బొమ్మ వేసేది. తలకిందులుగా చూస్తే అది తేనెపట్టులా కనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీ 1864లోనే మూతపడింది. తర్వాత బొహీమియాలో చాలామంది అలాంటి డాలునే వేసుకుని "రాయల్ వియన్నా" శైలిలో సరుకు దించారు. వాటి మీద గ్రీకు దేవతల్లాంటి స్త్రీల బొమ్మలు, మూలన "కౌఫ్‌మాన్" అని సంతకం. ఏంజెలికా కౌఫ్‌మాన్ నిజమైన చిత్రకారిణే, కానీ 1807లో చనిపోయింది. 1900 నాటి కప్పు మీద ఆమె సంతకం అచ్చులో భాగం తప్ప చేత్తో చేసింది కాదు. భూతద్దం పెట్టి చూస్తే బొమ్మ సన్నని చుక్కల గుంపుగా విడిపోతుంది. అది ట్రాన్స్‌ఫర్ అచ్చు, అంటే కాగితం మీద అచ్చేసి కప్పు మీదికి ఎక్కించిన బొమ్మ. చేత్తో వేసిన బొమ్మలో కుంచె దెబ్బ మొదలు, తుది తెలుస్తాయి.

అడుగున చేతిరాతతో కనిపించే నాలుగంకెల సంఖ్య గురించీ ఒక మాట. 1907 అని ఉంటే అది సంవత్సరం అనుకోవడం సహజం. అది సాధారణంగా డిజైన్ నంబరు. మట్టిలోకి నొక్కి పెట్టిన అంకెలు ఆకారానికో, సైజుకో, అచ్చు పోసిన మనిషికో చెందినవి.

రంగు ఎక్కడ ఉంది

గట్టి పింగాణీ ముద్దలో స్థూలంగా సగం కెయోలిన్, మిగిలిన సగం ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే ఖనిజాల పొడి. మొదట 900–1000 డిగ్రీల దగ్గర ఒకసారి కాల్చి, గ్లేజులో ముంచి, మళ్లీ 1400 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఆ వేడిలో ముద్దా గ్లేజూ కరిగి ఒకటైపోతాయి. అందుకే అసలైన గట్టి పింగాణీ మీద సాలెగూడు లాంటి సన్నని నెర్రెలు మామూలుగా రావు. "పాతది కాబట్టి నెర్రెలొచ్చాయి" అని ఎవరైనా చెబితే చేతిలో ఉన్నది బహుశా పింగాణీ కాదు, మెత్తటి మట్టి సామాను.

అంత వేడిని తట్టుకునే రంగులు తక్కువ. కోబాల్ట్ నీలం తట్టుకుంటుంది. దాన్ని గ్లేజు కింద వేయొచ్చు, అది జీవితాంతం చెక్కుచెదరదు. దుబీ ఊరి నీలం "ఉల్లిపాయ" డిజైన్, చెక్‌లో "సిబులాక్", ఈ తరహాదే. జర్మనీలోని పింగాణీ ఊరు మైసెన్‌లో 1740 ప్రాంతంలో చైనా నమూనాలు చూసి గీసిన డిజైన్ అది. ఉల్లిపాయలుగా పేరు పడ్డవి నిజానికి దానిమ్మ, పీచ్ పండ్లు. దుబీలో దీని తయారీ 1885లో మొదలైంది. రోజూ వాడుకోవడానికి, సేకరించడానికి రెండింటికీ పనికొచ్చే సెట్టు కావాలంటే దీన్ని మించింది లేదు. విడి కప్పులు, మూతలు ఇప్పటికీ దొరుకుతాయి.

మిగతా రంగులన్నీ, బంగారంతో సహా, ఎక్కువగా గ్లేజు మీద వేసి 800 డిగ్రీల చుట్టూ మూడోసారి కాల్చినవి. వేలికొసతో నెమ్మదిగా తడిమితే పూరేకు అంచు తగులుతుంది. ఇవి అరుగుతాయి. బంగారంలోనూ రెండు రకాలు. కొలిమిలోంచే తళతళలాడుతూ వచ్చేది ద్రవ బంగారం. అందులో పసిడి పాలు తక్కువ, పొర అతి పల్చన. మసకగా వచ్చి, తర్వాత గట్టి రాయితో రుద్ది మెరుగు పెట్టేది రెండోది. అందులో పసిడి పాలు ఎక్కువ, పొర మందం, మెరుపు అద్దంలా కాక పట్టులా ఉంటుంది. ముదురు కోబాల్ట్ మీద బంగారు జాలీ వేసిన మోకా (చిన్న కప్పుల్లో తాగే చిక్కటి కాఫీ) సెట్లలో ఈ తేడా కళ్లకు కడుతుంది. ధరలో తేడాకు సగం కారణం ఇదే.

గులాబీ పింగాణీ మరో కథ. లౌచ్కిలోని లియాండర్ ఫ్యాక్టరీ చేసే ఈ రకంలో రంగు ముద్దలోనే కలిపి ఉంటుంది. పరీక్ష తేలిక: కప్పు అడుగున గ్లేజు లేని వలయం చూడండి. అదీ గులాబీ రంగులో ఉంటే అసలుది. తెల్లగా ఉంటే పైపూతే.

సెట్టు అంటే ఎన్ని ముక్కలు

ఆరుగురి సెట్టును ఒకరు 15 ముక్కలంటారు, ఇంకొకరు 17 అంటారు. సరుకు ఒకటే: ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఒక కెటిల్, చక్కెర గిన్నె, పాల జగ్గు. రెండో ఆయన రెండు మూతలనూ విడిగా లెక్కపెట్టాడు. దీన్ని తెలివిగా వాడుకునేవాళ్లున్నారు. 15 ముక్కలని చెప్పి మూతలను అందులో కలిపేసి, రెండు సాసర్లు తగ్గించి ఇస్తారు. అంకె అడగొద్దు, ఒక్కొక్క వస్తువు పేరు చెప్పించండి. చిన్న కేకు ప్లేట్లు ఆరు కలిస్తే మరో ఆరు పెరుగుతాయి.

టీ సెట్టూ, కాఫీ సెట్టూ, మోకా సెట్టూ మూడూ వేరు. టీ కప్పు వెడల్పుగా, పొట్టిగా ఉండి 200–250 మిల్లీలీటర్లు పడుతుంది. కాఫీ కప్పు కాస్త పొడుగు, 150–180. మోకా కప్పు 100కి అటూ ఇటూ, చాలాసార్లు తక్కువే. టీ కెటిల్ గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. లోపల కొమ్ము (టీ పోసే మూతి) మొదట్లో ఆకు ఆపేందుకు జల్లెడలా చిల్లులుంటాయి. కాఫీ పాట్ పొడుగ్గా ఉంటుంది, లోపల సాధారణంగా ఒకటే రంధ్రం. అతుకుల బొంత సెట్లు బయటపడేది ఇక్కడే: కాఫీ పాట్‌కి టీ కప్పులు జతచేసి "పూర్తి సెట్టు" అంటారు. సాసరు మధ్య గుంటలో కప్పు అడుగు ఒదిగి కూర్చోవాలి. అటూ ఇటూ జారుతుంటే ఆ సాసరు ఇంకో సైజు కప్పుది.

అన్నిటికంటే ముందు మూత చూడాలి. కాలేటప్పుడు పింగాణీ దాదాపు 15 శాతం కుంచించుకుపోతుంది. అది ప్రతి ముక్కలో ఒకేలా జరగదు. అందుకే మూతను దాని పాట్ మీదే పెట్టి కాల్చడం ఆనవాయితీ. అలా కాలిన మూత తన పాట్ మీద గట్టిగా కూర్చుంటుంది. మరో పాట్‌ది అయితే కదులుతుంది, లేదా ఒక వైపు లేచి నిలబడుతుంది. మూత తిప్పి చూడండి: ఏదో ఒక కోణంలో సరిగ్గా ఒదగాలి. దాని మీది బంగారు గీత వెడల్పు పాట్ మీది గీతతో కలవాలి. తెల్లదనం కూడా చూడాలి. పగటి వెలుగులో పక్కపక్కన పెడితే ఒకటి నీలిఛాయ తెలుపు, ఒకటి పాలతెలుపు అని తేలిపోతుంది. ట్యూబులైటు కింద ఈ తేడా దొరకదు.

విడి ముక్కలు వెతికేటప్పుడు ఆకారం పేరు ఒక్కటే చాలదు. తున్ వాళ్ల "బెర్నడోట్" ఆకారం చాలా ప్రసిద్ధం. అంచు వెంట ఉబ్బెత్తు అలంకారం ఉంటుంది. కానీ అదే ఆకారం మీద ఉత్త తెలుపు, దంతవర్ణం, బంగారు గీత, ప్లాటినం గీత, గులాబీలు, బాతులు అంటూ ఎన్నో డిజైన్లు వచ్చాయి. ఆకారం, డిజైన్, గీత రంగు, మిల్లీలీటర్లు నాలుగూ చెప్పకుండా పార్శిల్ తెప్పించుకుంటే జత కుదరడం అదృష్టమే.

పాత పూల డిజైన్లంటే మొహం మొత్తినవారికి మరో దారి ఉంది. చెక్ డిజైనర్ లాడిస్లావ్ సుత్నార్ 1930 ప్రాంతంలో లోకెట్ ఫ్యాక్టరీ కోసం గీసిన నిరాడంబరమైన సెట్లు, మరో డిజైనర్ యారొస్లావ్ యెజెక్ గీసిన "ఎల్కా" కాఫీ సెట్టు. ఎల్కాకు 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో గ్రాండ్ ప్రీ వచ్చింది. ప్రభుత్వ ఫ్యాక్టరీల కాలం సరుకంతా నాసిరకమని కొట్టిపారేసే సేకర్తలు ఈ సెట్టు చూసి కాస్త ఆగాలి. సుత్నార్ సెట్టులో ఒక్క పాట్ దొరికినా వదలకూడదు.

బల్ల మీద పెట్టి చూసే పద్ధతి

కప్పును చెవి (పిడి) పట్టుకుని కాక అరచేతిలో అడుగు ఆనించి నిలబెట్టి, అంచు మీద గోటితో మెల్లగా తట్టండి. శ్రుతిగా మోగితే మంచిది. బొంగురుగా టక్కుమంటే ఎక్కడో పగులుంది. ఆ పగులు ఎక్కువగా చెవి అతికిన చోట ఉంటుంది. లోపలివైపు సన్నని గోధుమరంగు గీత కనిపిస్తే దానిలోకి టీ ఇంకి ఏళ్లయినట్టే. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే వెనక వేళ్ల నీడ కనిపించాలి, పగులుంటే అదీ చీకటి గీతలా పడుతుంది. నోట్లు చూసే చిన్న అల్ట్రావయొలెట్ టార్చి జేబులో ఉంచుకోండి. జిగురు, తర్వాత పూసిన రంగు ఆ వెలుగులో పింగాణీకి భిన్నంగా మెరుస్తాయి. కప్పు నోరు కాస్త అండాకారంగా ఉండటం లోపం కాదు. కాలేటప్పుడు చెవి బరువు లాగిన గుర్తు అది.

బంగారం అరిగిందో లేదో చూడాల్సింది పెదవి తగిలే అంచు మీద కాదు, చెవి లోపలి వంపులో, మూత బొడిపె మీద. ఆరు కప్పుల్లో ఒకటి కొత్తగా, మిగతా ఐదు అరిగి ఉంటే ఆ ఒక్కటి తర్వాత కలిపింది.

ఇంట్లో వాడేటప్పుడు

మన ఇళ్లలో టీ అంటే పాలతో కలిపి మరిగించినది. పొంగిన టీని వెంటనే చల్లటి పలచని కప్పులో పోస్తే లోపలా బయటా వేడి తేడాకు పగులు పుడుతుంది. ముందే ఉన్న చిన్న పగులు పొడవవుతుంది. కప్పును గోరువెచ్చని నీళ్లతో తొలిచి పోయాలి. పాత సెట్లలో గ్లేజు మీది రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. అవి పులుపులోకి, నిల్వ ఉన్నకొద్దీ దిగుతాయి. అందుకే లోపలివైపు బొమ్మలున్న పాత కప్పులో నిమ్మకాయ టీ వద్దు, చక్కెర గిన్నెలో ఊరగాయ అసలే వద్దు.

ఇత్తడి సామాను తోమే అలవాటుతో చింతపండో, పీతాంబరి పొడో ఈ సెట్ల మీద పెడితే బంగారు గీత ఒక పండక్కే పోతుంది. బ్లీచింగూ అంతే. ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, మెత్తటి గుడ్డ: ఇంతే. లోపలి టీ మరకకు తినే సోడాను తడిపి వేలితో రుద్దాలి, బంగారం దరిదాపులకు వెళ్లకుండా. గ్లేజు మీద బంగారం ఉన్న దేన్నీ డిష్‌వాషర్‌లో పెట్టకూడదు. మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలే.

అలమరలో సాసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పై సాసరు అడుగున గ్లేజు లేని వలయం కింది సాసరు మీది పూల మీద ఆకురాయిలా పనిచేస్తుంది. ప్రతి రెండింటి మధ్య టిష్యూ కాగితమో, ఫ్లానెల్ ముక్కో వేయాలి. కప్పులు రెండుకు మించి దొంతర పెట్టొద్దు. యూరప్‌లో ఉన్న పిల్లలు సెట్టు కొని విమానంలో తెచ్చేటట్లయితే మూత పాట్ మీద ఉంచి ప్యాక్ చేయకూడదు, విడిగా చుట్టాలి. ముందు టిష్యూ కాగితం, దాని మీద బబుల్ ర్యాప్. సెల్లోటేపు బంగారం మీద నేరుగా అంటిస్తే తీసేటప్పుడు గీతను వెంట లాక్కుపోతుంది. కొమ్ములోనూ చెవి వంపులోనూ కాగితం ఉండలు కుక్కి, పాట్‌ను చేతి సామానులో పెట్టుకోవాలి. కప్పు పోతే వెతుక్కోవచ్చు, పాట్ పోతే మిగిలేది విడి కప్పులే.